ఊపు ఆపగానే లేచే బిడ్డకు పక్క మీద నిద్ర అలవాటు చేయడం

పసిపిల్లల నిద్ర ఏకబిగిన సాగదు. 50 నిమిషాలో గంటో ఒక విడత నడుస్తుంది, చివర్లో చిన్న మెలకువ వస్తుంది, అక్కణ్నుంచి ఇంకో విడత మొదలవుతుంది. పెద్దవాళ్లకూ ఈ మెలకువలుంటాయి. దిండు సర్దుకుని అటు తిరిగి పడుకుంటాం, పొద్దునకి గుర్తు కూడా ఉండదు. బిడ్డా ఓసారి కళ్లు తెరిచి చూస్తుంది. నిద్రపట్టేటప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంటే మళ్లీ కళ్లు మూసేస్తుంది. కానీ భుజం మీద ఊగుతూ పడుకున్న బిడ్డకు మెలకువ వచ్చేసరికి ఒంటికింద కదలని పరుపు ఉంటుంది, వెచ్చగా ఆనుకున్న మనిషి ఉండరు. గదిలో పడుకుని ఆరుబయట లేచినట్టు. ఏడవక ఏం చేస్తుంది?

అందుకని రాత్రి నాలుగైదుసార్లు లేవడాన్ని మొండితనం కింద లెక్కేయకండి. మెలకువ రాకుండా చేయడం మీ చేతిలో లేదు. నిద్ర పట్టే ఆఖరి రెండు నిమిషాలు ఎక్కడ గడవాలన్నది మాత్రం మీ చేతిలోదే. ఆ రెండు నిమిషాలూ పక్క మీదే గడిస్తే చాలు, అంతకుముందు పావుగంట ఊపినా నష్టం లేదు. పూర్తిగా నిద్రపోయేదాకా ఊపి, ఆ తర్వాత దించడంలోనే చిక్కంతా ఉంది.

ఇంకో మాట. ఊపి పడుకోబెట్టడం మీకు కష్టంగా లేకపోతే, రాత్రి ఒకటి రెండుసార్లు లేచినా బిడ్డా మీరూ మళ్లీ హాయిగా పడుకుంటుంటే, మార్చాల్సిందేమీ లేదు. ఇది నడుం పట్టేసినవాళ్లకు, రాత్రంతా గంటకోసారి లేస్తున్నవాళ్లకు.

ఏ వయసులో మొదలుపెట్టాలి

మొదటి మూడు నెలలూ ఈ ప్రయత్నం వద్దు. అప్పుడే పుట్టిన బిడ్డ నిద్రలో సగం వరకు కలత నిద్రే. కళ్లు మూసుకునే మూలుగుతుంది, కాళ్లు చేతులు ఆడిస్తుంది. పగలూ రాత్రీ తేడా తెలిపే లోపలి గడియారం కుదురుకోవడానికే రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. ఆ వయసులో ఎత్తుకోండి, ఊపండి, పాలిస్తూ నిద్రపుచ్చండి. ఎత్తుకోవడం అలవాటవుతుందని ఎవరన్నా పట్టించుకోకండి. చేయాలనుకుంటే ఒక్క పని చేయొచ్చు. రోజుకోసారి, పొద్దున మొదటి కునుకప్పుడు, కళ్లు పూర్తిగా మూతపడకముందే పక్క మీద పెట్టి చూడండి. పడుకుంటే మంచిదే, ఏడిస్తే ఎత్తుకోండి.

నాలుగో నెల దగ్గర నిద్ర తీరే మారిపోతుంది. అంతవరకు కలత నిద్రతో మొదలై తర్వాత గాఢనిద్రలోకి వెళ్లే బిడ్డ, ఇప్పుడు పెద్దవాళ్లలా ముందు తేలిక నిద్రలోకి, అక్కణ్నుంచి గాఢనిద్రలోకి జారుకుంటుంది, కలత నిద్ర ఆ తర్వాతే. విడతకూ విడతకూ మధ్య మెలకువ కూడా స్పష్టంగా వస్తుంది. మొన్నటిదాకా బాగానే పడుకున్న బిడ్డకు ఏమైందని చాలామంది కంగారుపడేది ఇక్కడే. కొద్దికొద్దిగా ఊపు తగ్గించే పద్ధతి ఈ వయసు నుంచి మొదలుపెట్టొచ్చు. కాసేపు ఏడవనిచ్చే పద్ధతులు ఆరు నెలలు నిండాకే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసు పుట్టిన రోజు నుంచి కాకుండా, డాక్టరు చెప్పిన ప్రసవం తేదీ నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టి ఇప్పుడు ఆరో నెల నిండిన బిడ్డను ఈ విషయంలో నాలుగు నెలల బిడ్డగానే చూడాలి.

జలుబో జ్వరమో ఉన్నప్పుడు, టీకా వేయించిన రెండు రోజుల్లో, ప్రయాణానికి ముందు, ఇల్లు మారుతున్నప్పుడు మొదలుపెట్టకండి. కనీసం రెండు వారాలు రోజులు ఒకేలా గడిచే వీలున్నప్పుడే దిగాలి. ఎనిమిది నుంచి పది నెలల మధ్య అమ్మ కళ్లముందు నుంచి కదిలితే చాలు ఏడ్చే దశ ఒకటి వస్తుంది. ఆ సమయంలో తప్పనిసరైతే గదిలోంచి బయటికి వెళ్లని పద్ధతినే ఎంచుకోండి.

నిద్రలో గురక, ఊపిరి మధ్యలో ఆగినట్టు అనిపించడం, బరువు పెరగకపోవడం, పాలు తాగాక వెనక్కి విల్లులా వంగి ఏడవడం, చెవి పట్టుకుని లాక్కోవడం కనిపిస్తే ముందు డాక్టరుకు చూపించాలి. అవి ఊపు మాన్పించడంతో తీరే సమస్యలు కావు. మూడు నెలల లోపు బిడ్డకు ఒళ్లు 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే నిద్ర సంగతి పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పక్క, గది

బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి, రాత్రయినా పగలు కునుకైనా. పరుపు చదునుగా, గట్టిగా ఉండాలి. చేత్తో నొక్కి తీస్తే గుంట నిలవకూడదు. దాని మీద బిగుతుగా అమరే దుప్పటి ఒక్కటే. దిండు, కప్పుకునే దుప్పటి, బొమ్మలు, చుట్టూ కట్టే మెత్తలు, ఏవీ వద్దు. ఒడిలో ఉన్నట్టు అనిపిస్తుందని రెండు పక్కలా దిండ్లు పెట్టేవాళ్లున్నారు. ఊపు మాన్పించే రోజుల్లో ఈ ఆలోచన మరీ ఎక్కువగా వస్తుంది. పెట్టకండి, ముఖానికి అడ్డం పడితే తొలగించుకోవడం ఆ వయసులో రాదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం బిడ్డల్ని బోర్లా పడుకోబెట్టొద్దని 1992లో చెప్పింది. 1994లో పెద్ద ఎత్తున ప్రచారం మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ నిద్రలో హఠాత్తుగా జరిగే శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి.

ఊపుతూ ఊపుతూ సోఫాలోనో వాలు కుర్చీలోనో బిడ్డతో పాటు కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదం. మీ ఒంటికీ కుర్చీకీ మధ్య బిడ్డ ఇరుక్కుపోతే మీకు తెలియదు. రాత్రి మూడింటికి కళ్లు మూసుకుపోతున్నాయనిపిస్తే ఆ క్షణమే బిడ్డను దాని పక్క మీద పెట్టేయండి, ఏడ్చినా సరే.

దానంతటదే ఊగే కుర్చీలు, కారు సీట్లు, వాలుగా ఉండే బిడ్డ పడకలు నిద్రకు పనికిరావు. ఒళ్లు వాలినప్పుడు బరువైన తల ముందుకు పడి గడ్డం ఛాతీకి ఆనుతుంది, సన్నని శ్వాసనాళం మడతపడుతుంది. 10 డిగ్రీల కంటే ఎక్కువ వాలున్న ఏ పడకా వద్దు. ఊపే చేతుల బదులు ఊగే మిషను పెడితే అలవాటు తప్పదు, పైగా ప్రమాదం వచ్చి చేరుతుంది.

గుడ్డలో చుట్టి పడుకోబెడుతుంటే, బోర్లాపడే ప్రయత్నం కనిపించిన రోజే మానేయాలి. బోర్లాపడ్డ బిడ్డకు చేతులు ఖాళీగా లేకపోతే తల తిప్పుకోవడం కష్టం. బరువు నింపిన చుట్టుగుడ్డలూ దుప్పట్లూ ఏ వయసులోనూ వద్దు. చుట్టడం మాన్పించే వారం, ఊపు మాన్పించే వారం ఒకటి కాకుండా చూసుకోండి. ముందు చుట్టుగుడ్డ, అది కుదురుకున్నాక ఊపు.

మీ గదిలోనే, దాని సొంత పక్క మీద, కనీసం ఆరు నెలలు పడుకోవాలి. గది మీకు హాయిగా ఉంటే బిడ్డకూ హాయే, 20 నుంచి 22 డిగ్రీలు ఒక మంచి కొలత. చేతులూ పాదాలూ చల్లగా ఉన్నాయని ఇంకో జత బట్టలు తొడగకండి, పిల్లలకు అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకాల చెయ్యి పెట్టి చూడండి, చెమట తగిలితే ఒక జత తగ్గించాలి. గది చీకటిగా ఉండాలి. చెయ్యి చాపితే వేళ్లు మసగ్గా కనిపించేంత వెలుతురు చాలు.

ఫ్యాను హోరులాంటి ఒకే తీరు శబ్దం సాయపడుతుంది. అయితే శబ్దం పెట్టే పరికరం బిడ్డకు 2 మీటర్ల దూరంలో ఉండాలి, బిడ్డ తల దగ్గర 50 డెసిబెల్స్ మించకూడదు. అంటే మీరిద్దరూ గొంతు పెంచకుండా మాట్లాడుకుంటే వినిపించాలి. నిద్రపట్టాక ఆపేయకండి. నిద్రపోయినప్పుడున్న చప్పుడు మెలకువప్పుడు లేకపోతే మళ్లీ ఊపు సమస్యే ఇంకో రూపంలో వస్తుంది.

నిద్ర వేళ పట్టుకోవడం

చాలా ఇళ్లలో పద్ధతి మంచిదే, వేళే తప్పు. నిద్ర రాని బిడ్డ పక్క మీద ఆడుకుంటుంది. మరీ అలసిన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సందు 10, 15 నిమిషాలే. దాన్ని పట్టుకోవడానికి, బిడ్డ నిద్ర లేచిన సమయం నుంచి లెక్కపెట్టడం తేలిక. నాలుగో నెలలో గంటన్నర నుంచి రెండు గంటలు మెలకువగా ఉండగలదు. ఐదు నుంచి ఏడు నెలల మధ్య రెండు నుంచి మూడు గంటలు. ఎనిమిది నుంచి పది నెలలకు మూడు గంటల అటూ ఇటూ. ఏడాదికి దగ్గరపడేసరికి మూడున్నర, నాలుగు గంటలు. రోజు మొత్తం మీద నాలుగు నెలల నుంచి ఏడాది వరకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి, పగటి కునుకులతో కలిపి. ఈ తేడా చిన్నది కాదు. పక్కింటి బిడ్డ 15 గంటలు పడుకుంటే మీ బిడ్డ 12 దగ్గరే ఆగిపోవచ్చు. అలాంటి బిడ్డను ఏడింటికే పక్క మీద పెడితే ఏ పద్ధతీ పనిచేయదు.

ఒక లెక్క చూడండి. ఆరు నెలల బిడ్డ సాయంత్రం కునుకు నుంచి 4:45కి లేచింది. రెండున్నర గంటలు కలిపితే 7:15. అది నిద్రపట్టాల్సిన వేళ. కాబట్టి పాలు, బట్టలు, పాట అన్నీ 6:40కే మొదలవ్వాలి. 7:15కి దీపం ఆర్పడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైనట్టు.

గడియారంతో పాటు ముఖం కూడా చూడాలి. మొదటి గుర్తులు చిన్నవి. చూపు ఒకచోట నిలిచిపోతుంది, ఆట మందగిస్తుంది, మీరు నవ్వితే ముఖం పక్కకు తిప్పుకుంటుంది, కనుబొమ్మల చుట్టూ ఎరుపెక్కుతుంది. ఇదీ సరైన సమయం. ఆవలింతలు, కళ్లు నులుముకోవడం వచ్చేసరికి వేళ దాటబోతోందని. వీపు విరుచుకుని చిరచిరలాడుతోందంటే దాటిపోయింది. ఆ రోజుకు ఊపి పడుకోబెట్టండి, రేపు 15 నిమిషాలు ముందు మొదలుపెట్టండి.

పడుకునే ముందు అరగంట

ఇక్కడ ఒకే నియమం, పాలు ముందు, నిద్ర చివర. వెలుతురున్న గదిలో పాలు పట్టి, త్రేన్పు తెప్పించి, డైపర్ మార్చి, రాత్రి బట్టలు తొడిగి, గదిలోకి తెచ్చి, దీపం తగ్గించి, ఒకటే పాట రెండుసార్లు పాడి, పక్క మీద పెట్టాలి. 20 నుంచి 30 నిమిషాల పని. రోజూ అవే పనులు అదే వరసలో జరగాలి. వారం తిరిగేసరికి రాత్రి బట్టలు కనిపిస్తేనే కళ్లు బరువెక్కుతాయి.

పాలు తాగుతూ తూగితే? అరికాలు నిమరండి, డైపర్ మార్చడం ఆ తర్వాతకు జరపండి. పాలు ఆఖర్లో ఉంటే, ఊపు మాన్పించిన చోట పాలు వచ్చి కూర్చుంటాయి. రొమ్ము నోట్లో ఉంటే తప్ప నిద్రపోని బిడ్డ తయారవుతుంది. ఇది చాలా తరచుగా జరిగే పొరపాటు.

కొద్దికొద్దిగా ఊపు తగ్గించడం

ముందు మూడు రోజులు ఏమీ మార్చకుండా రాసుకోండి. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎన్ని నిమిషాలు ఊపారు, దించాక ఎంతసేపటికి లేచింది. 18 నిమిషాలు ఊపుతున్నారో 40 నిమిషాలో తెలియకుండా ఏది తగ్గించాలో తెలియదు. పైగా ఐదో రోజు "ఏం మార్పు లేదు" అనిపించినప్పుడు ఆ కాగితమే దారి చూపిస్తుంది.

1. మొదటి మూడు రాత్రులు: మామూలుగా ఊపండి, కళ్లు మూతలు పడుతుండగా మాత్రం కదలడం ఆపేసి, అలాగే ఎత్తుకుని నిలబడండి. నిద్ర మీ చేతుల్లోనే పడుతుంది. కదలిక లేకుండా నిద్రపట్టడం ఒక్కటే ఈ మూడు రోజుల పాఠం. ఏడిస్తే రెండు మూడు ఊపులు ఊపి మళ్లీ ఆగండి.

2. తర్వాతి మూడు రాత్రులు: నడుస్తూ ఊపేవాళ్లు నిలబడి, నిలబడి ఊపేవాళ్లు కూర్చుని ఊపాలి. సమయం సగానికి తగ్గించండి. 18 నిమిషాలు ఊపుతుంటే 9 నిమిషాల తర్వాత కదలిక ఆపేసి ఒళ్లో ఉంచుకోండి.

3. ఏడో రాత్రి నుంచి: ఒళ్లు వదులై, కళ్లు ఇంకా తెరుచుకునే ఉండగా పక్క మీద పెట్టి, అక్కడే జోకొట్టండి. సెకనుకు ఒక తట్టు, ఛాతీ మీదో నడుం పక్కనో. నిద్రపట్టేదాకా తట్టొచ్చు.

4. పదో రాత్రి నుంచి: రెండు సెకన్లకో తట్టు, తర్వాత ఐదు సెకన్లకు, చివరికి చెయ్యి ఊరికే పెట్టి ఉంచడం. కళ్లు మూసుకుపోకముందే చెయ్యి తీసేయాలి.

5. ఆ తర్వాత: పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి. రెండు మూడు రాత్రులకోసారి కుర్చీ ఒక అడుగు తలుపు వైపు జరపండి. కబుర్లు వద్దు, అవసరమైతే "ష్..." అంటే చాలు.

ఈ లెక్క ఎవరికీ అచ్చంగా ఇలాగే కుదరదు. ఒక మెట్టు మీద ఐదు రోజులు ఆగినా ఫర్వాలేదు. వెనక్కి మాత్రం రెండు మెట్లు దిగకండి, దిగితే ఒక్కటే.

మగతగా ఉన్నప్పుడు పెట్టాలి అంటారే, ఆ మగత ఎంతవరకు అన్నదాని దగ్గర అందరూ తడబడతారు. పరీక్ష ఇది. బిడ్డ చేతిని రెండు వేళ్లతో కాస్త పైకెత్తి వదలండి. గుడ్డ ముక్కలా కింద పడితే నిద్రపోయినట్టే, ఆలస్యం చేశారు. కాస్త బిగువుగా నిలిచి మెల్లగా దిగితే ఇదే సమయం. దించాక ఓసారి కళ్లు తెరిచి తను ఎక్కడుందో చూసుకోవాలి. ఆ చూపు మీ పనికి అడ్డం కాదు, అది లేకపోతేనే గంట తర్వాత ఏడుపు.

దించడం ఎలా

బిడ్డల్లో ఉలికిపాటు ఒకటి ఉంటుంది. తల ఒక్కసారి వెనక్కి వాలినట్టు అనిపిస్తే చేతులు రెండూ బార్లా చాపి, మళ్లీ దగ్గరకు తెచ్చుకుంటూ ఏడుస్తుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య ఇది మాయమవుతుంది. అంతవరకు తల ముందు పెడితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడి లేవడం ఖాయం.

బిడ్డ మీ ఛాతీకి ఆనుకునే ఉండగా మీరే పక్క మీదికి వంగండి. ముందు పాదాలు, తర్వాత పిరుదులు, తర్వాత వీపు, ఆఖర్న తల పరుపుకు తాకాలి. మీ ఛాతీ అప్పుడే పైకి లేపకండి. తల కింది చేతిని వేలు వేలుగా లాక్కోండి. రెండో చెయ్యి ఛాతీ మీద అరచేయంతా ఆనేలా ఒకటి రెండు నిమిషాలు ఉంచి, బరువు కొద్దికొద్దిగా తగ్గించండి. తీసేటప్పుడు మణికట్టు ముందు లేపి, వేలికొసలు చివరన. దుప్పటి చల్లగా ఉంటే ముందే అరచేత్తో రుద్ది ఆ చలి పోగొట్టండి.

2022లో జపాన్ శాస్త్రవేత్తలు 21 మంది పసిపిల్లల గుండె వేగం కొలుస్తూ ఈ దించడాన్నే పరిశీలించారు. ఐదు నిమిషాలు ఎత్తుకుని నడిస్తే ఏడుపు తగ్గి దాదాపు సగం మంది నిద్రలోకి జారుకున్నారు. లేపేసింది పరుపు స్పర్శ కంటే, అమ్మ ఒళ్లు విడిపోవడం. ఆ క్షణంలో గుండె వేగం పెరిగింది. నిద్రపట్టాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కదలకుండా ఒళ్లో ఉంచుకుని దించితే నిలిచింది. ఊపు మాన్పించే పనిలో ఇది సూటి దారి కాదు, బిడ్డ నిద్రపోయాకే దించుతున్నారు కదా. మూడు నెలల లోపు పిల్లలకు, జ్వరం రాత్రులకు, మీకు ఓపిక లేని రోజులకు దాచుకోండి.

ఏడిస్తే

మూలుగుడు వేరు, ఏడుపు వేరు. మూలుగుడు లేస్తుంది, పడుతుంది, మధ్యలో ఆగుతుంది. తల అటూ ఇటూ తిప్పుతూ, పిడికిలి చప్పరిస్తూ తనకు తాను నిద్ర వెతుక్కుంటోంది. ఒకటి రెండు నిమిషాలు ఆగండి. చేతులు కట్టుకుని చూడటం కష్టమే, కానీ ఆ రెండు నిమిషాల్లో ఎత్తుకున్నవాళ్లే ఎక్కువ నిద్ర చెడగొట్టేది. ఏడుపు ఆగకుండా పెరుగుతూ ఉంటే ఎత్తుకుని ఊరడించండి. అది నెమ్మదించగానే, నిద్రపోకముందే, మళ్లీ దించండి. ఒక రాత్రి పది పదిహేనుసార్లు ఇలా చేయాల్సి రావచ్చు. ఏడెనిమిది నెలలు దాటిన బిడ్డకు ఇది కుదరదు, ఎత్తి దించుతుంటే చిరాకు ఇంకా ఎక్కువవుతుంది. వాళ్లకు దగ్గరుండి చెయ్యి వేయడమే మేలు.

ఆరు నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డకు, ఊపు ఒక్కసారిగా ఆపి మధ్యమధ్య చూసివచ్చే పద్ధతి కూడా ఉంది. మెలకువగా పడుకోబెట్టి బయటికి వస్తారు. ఏడిస్తే మొదటి రాత్రి 3 నిమిషాలకు, ఆ తర్వాత 5, ఆ తర్వాత ప్రతి 10 నిమిషాలకు లోపలికి వెళ్లి, నిమిషం ఉండి, రెండు మాటలు చెప్పి, ఎత్తుకోకుండా వచ్చేస్తారు. రెండో రాత్రి 5, 10, 12. రెండో మూడో రాత్రి మొదటి రాత్రి కంటే ఎక్కువ ఏడవొచ్చు, సరిగ్గా అక్కడే చాలామంది వదిలేస్తారు. గంట ఏడ్చాక ఎత్తుకుని ఊపితే, గంట ఏడిస్తే ఊపుతారన్న సంగతే నేర్చుకుంటుంది. నిలబడగలరనిపిస్తేనే మొదలుపెట్టండి. మొదటి వారంలోనే మార్పు కనిపించాలి. బిడ్డ మనసు గాయపడుతుందేమోనన్న భయానికి కొంత జవాబుంది. 2016లో ఆస్ట్రేలియాలో 6 నుంచి 16 నెలల పిల్లలు 43 మంది మీద జరిగిన అధ్యయనంలో, ఈ పద్ధతి పాటించిన పిల్లలకూ పాటించనివాళ్లకూ ఏడాది తర్వాత తల్లిదండ్రులతో అనుబంధంలో తేడా కనిపించలేదు.

అదే అధ్యయనంలో పరీక్షించిన ఇంకో పద్ధతి మాకు ఎక్కువ నచ్చుతుంది, ఏడుపు తక్కువ కాబట్టి. బిడ్డ నిజంగా నిద్రపోతున్న వేళేదో చూసి, దానికే పడుకోబెట్టడం. ఏడింటికి పక్క ఎక్కించినా ఎనిమిదింటికి గానీ నిద్రపట్టడం లేదనుకోండి, పడుకోబెట్టడం ఎనిమిదికి మార్చండి. 15 నిమిషాల్లోపే నిద్రపోవడం మొదలయ్యాక, రెండు మూడు రాత్రులకోసారి 15 నిమిషాల చొప్పున తొందరగా పడుకోబెడుతూ రండి. పొద్దున లేపే వేళ మాత్రం మార్చొద్దు, మారిస్తే మొత్తం చక్రం జారిపోతుంది.

అర్ధరాత్రి, పగలు

మొదటి వారం సాయంత్రం పడుకునే వేళ ఒక్కటే మార్చండి. అర్ధరాత్రి మెలకువకు పాత పద్ధతిలోనే ఊపినా ఫర్వాలేదు. సాయంత్రం పక్క మీద నిద్రపట్టడం అలవాటయ్యాక, రాత్రి మెలకువలు కొన్ని వాటంతటవే తగ్గుతాయి. మిగిలినవాటికి రెండో వారం నుంచి అదే వరస. ఆరు నెలల లోపు బిడ్డకు రాత్రి పాలు కావాలి, ఆ తర్వాతా కొందరికి కావాలి. ఆకలైతే పట్టండి, దీపం వేయకుండా, మాటల్లేకుండా, త్రేన్పు తెప్పించి మెలకువగానే దించండి.

పగటి కునుకులు ఆఖర్న చూసుకోవాలి. రాత్రి నిద్ర ముంచుకొచ్చేంత బలంగా పగలు ముంచుకురాదు. పొద్దున మొదటి కునుకుతో మొదలుపెట్టండి, అది తేలిక. సాయంత్రపు చివరి కునుకు అన్నిటికంటే మొండిది. దాన్ని భుజం మీదో, తోపుడు బండిలో మీ కళ్లముందో కానిచ్చేయండి. ఒక్క కునుకు కోసం 20 నిమిషాల కంటే ఎక్కువ ప్రయత్నించకండి.

కుదరకపోతే చూడాల్సినవి

పడుకున్న 40 నిమిషాలకే లేస్తుంటే, చేతుల్లోనే నిద్రపోయి ఉండాలి, లేదా మరీ అలసిపోయి ఉండాలి. చెయ్యి ఎత్తి వదిలే పరీక్ష మళ్లీ చేయండి, పావుగంట ముందే పడుకోబెట్టండి. పక్క మీద గంటసేపు నవ్వుతూ ఆడుకుంటుంటే వేళ ఇంకా కాలేదు, సాయంత్రం కునుకు తగ్గించండి. తెల్లవారుజామున ఐదింటికి లేస్తుంటే కిటికీ సందుల్లోంచి వెలుతురు వస్తోందేమో ముందు చూడండి.

అమ్మ ఆపింది, నాన్న ఊపుతున్నాడు, నానమ్మ దగ్గర మళ్లీ నడక. ఇలాగైతే నెల పట్టినా తేలదు. ఎవరి వంతు ఏ రాత్రో ముందే మాట్లాడుకోండి. పాల వాసనకు నిద్ర చెదిరే బిడ్డను మొదటి నాలుగు రాత్రులు నాన్న పడుకోబెడితే తేలిగ్గా కుదరవచ్చు. గాలి బంతి మీద కూర్చుని ఎగరడం, బండిలో తిప్పడం కూడా ఊపే, పేరే వేరు.

లేచి నిలబడటం నేర్చుకున్న బిడ్డ చీకట్లో మంచం కమ్మీలు పట్టుకుని నిలబడి, కూర్చోవడం రాక ఏడుస్తుంది. ఒకటి రెండుసార్లు పడుకోబెట్టి, ఆ తర్వాత పరుపు మీద తట్టి చూపించండి. పగలు బొమ్మను కింద పెట్టి, నిలబడి కూర్చునే ఆట ఆడించండి. ఆ మంచంలో పరుపు ఎత్తును అన్నిటికంటే కింది మెట్టుకు దించడం మరవకండి.

జలుబు చేసినప్పుడు ఎత్తుకున్నారు, మళ్లీ మొదటికొచ్చింది. ఇది మామూలే. తగ్గిన రెండో రోజు నుంచి మూడో మెట్టు దగ్గర మొదలుపెడితే, మూడు నాలుగు రాత్రుల్లో దారికొస్తుంది. నిద్ర వస్తుందని జలుబు సిరప్పులు పట్టకండి, పసివాళ్ల ఊపిరికి అవి ప్రమాదం.

ఏడుపు వినలేక ఒళ్లు మండిపోతున్న క్షణం వస్తే, బిడ్డను దాని పక్క మీద వెల్లకిలా పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఐదు పది నిమిషాలు పక్క గదిలో కూర్చోండి. ఆ పది నిమిషాల ఏడుపుతో బిడ్డకేమీ కాదు. కోపంలో ఒక్కసారి గట్టిగా కుదిపితే ప్రమాదం. మెడ నిలవని వయసులో మెదడు లోపల రక్తస్రావం అవుతుంది.

పగలు పడి ఏడ్చినప్పుడు, కొత్తవాళ్లను చూసి బెదిరినప్పుడు ఎత్తుకుని ఊపడం ఎప్పటిలాగే సాగించండి, నిద్రతో దానికి పేచీ లేదు. రాత్రి కూడా పాట అయ్యేవరకు భుజాన వేసుకుని ఊగొచ్చు. పాట చివరి పాదం దగ్గర ఆగి, పాదాల వైపు నుంచి దించండి.